వేరు విరగకూడదన్న వైద్యుడు: అబుల్ ఖాసిం జహ్రావీ

ముస్లింలు ఏలిన స్పెయిన్ దేశాన్ని అరబ్బులు అందలూస్ అని పిలిచేవారు. దాని రాజధాని ఖుర్తుబా. నేటి మ్యాపుల్లో అది కార్డోవాగా కనిపిస్తుంది. ఆ నగరానికి పడమరగా సుమారు ఎనిమిది కిలోమీటర్ల దూరాన, కొండ వాలులో, ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ ఒక కొత్త రాజనగరానికి పునాది వేశారు. అది హిజ్రీ 325, క్రీ.శ. 936. ఆ నగరం పేరు మదీనతుజ్ జహ్రా. దాని పాలరాతి స్తంభాలు, నీటి కొలనులు, తోటలు చూసిన రాయబారులు తమ దేశాలకు వెళ్ళి కథలుగా చెప్పుకునేవారట. ఆ రాజమందిరాలన్నీ కూలిపోయాయి. ఆ ఊరి పేరును మాత్రం లోకంలో నిలిపినవారు ఖలీఫాలు కాదు, ఒక వైద్యుడు. ఆయనే అబుల్ ఖాసిం ఖలఫ్ బిన్ అబ్బాస్ అజ్జహ్రావీ. లాటిన్ వారి నోట పడి ఆ పేరు అల్బుకాసిస్‌గా మారింది.

ఆయన పుట్టిన సంవత్సరంగా చాలా పుస్తకాలు 936నే చెబుతాయి. నగరానికి పునాది పడిన ఏడే అది కాబట్టి ఈ లెక్క ఉజ్జాయింపే అనుకోవాలి. పూర్వీకులు మదీనా మునవ్వరాకు చెందిన అన్సార్ల వంశీకులు కావడం వల్ల ఆయన పేరు చివర అన్సారీ అని కూడా వ్రాస్తారు. రాజుల చరిత్రలు పేజీలకు పేజీలు వ్రాసిన ఆ కాలం వారు ఈ వైద్యుడి గురించి వ్రాసింది నాలుగు పంక్తులే. ఆయన కాలంలోనే ఖుర్తుబాలో పెరిగిన పండితుడు ఇబ్నె హజ్మ్ తమ దేశపు గొప్ప వైద్యుల్లో ఆయన్ని లెక్కించారు. తర్వాతి తరం చరిత్రకారుడు హుమైదీ ఆయన భక్తిని, విద్యను మెచ్చుకుని, హిజ్రీ నాలుగు వందల తర్వాత మరణించారని చెప్పి ముగించారు. మిగిలిన జీవితమంతా మనం ఆయన గ్రంథంలోనే వెతుక్కోవాలి. అదృష్టవశాత్తు ఆ గ్రంథం చిన్నది కాదు.

దాని పేరు 'కితాబుత్ తస్రీఫ్'. వైద్య గ్రంథాలను సొంతంగా కూర్చుకునే శక్తిలేని వారికి సాయపడే పుస్తకం అని ఆ పేరులోనే ఉంది. దాదాపు క్రీ.శ. 1000 ప్రాంతంలో ముగించిన ఈ గ్రంథంలో ముప్ఫై మఖాలాలు, అంటే ముప్ఫై భాగాలు ఉన్నాయి. రోగాలు, మందులు, లేహ్యాలు, పథ్యాలు, పళ్ళపొడులు, నోటి మందులు అన్నీ వాటిలో ఉన్నాయి. శస్త్రచికిత్సను మాత్రం ఆయన చిట్టచివరి ముప్ఫయ్యో భాగానికి అట్టిపెట్టారు. మిగతా వైద్యమంతా నేర్చుకున్న తర్వాతే విద్యార్థి కత్తి ముట్టుకోవాలన్నది ఆయన ఉద్దేశం.

ఈ ముప్ఫయ్యో భాగమే ఆయన్ని ప్రపంచప్రసిద్ధుణ్ణి చేసింది. ఇందులో మూడు అధ్యాయాలున్నాయి. మొదటిది వాతలు పెట్టే వైద్యం, రెండవది కోత వైద్యం, మూడవది విరిగిన ఎముకలు, తప్పిన కీళ్ళు సరిచేసే వైద్యం. మధ్యమధ్య దాదాపు రెండు వందల పరికరాల బొమ్మలున్నాయి. అంతకు ముందు ఏ వైద్యగ్రంథంలోనూ ఇన్ని పరికరాలను బొమ్మ గీసి చూపించలేదు. ఏ పరికరం ఇనుముతో చేయాలి, ఏది ఇత్తడితో చేయాలి, మొన ఎంత సన్నగా ఉండాలి అన్నది కూడా వ్రాశారు. చదివిన వాడు కమ్మరి దగ్గరికి వెళ్ళి బొమ్మ చూపించి చేయించుకోగలగాలన్నట్టు ఉంటుంది ఆ వ్రాత.

శిష్యులను ఆయన తన కొడుకులని సంబోధిస్తారు. తండ్రి కొడుకులకు చెప్పినట్టే భయపెట్టి కూడా చెబుతారు. తమ దేశంలో, తమ కాలంలో శస్త్రవైద్యం తెలిసినవారు దాదాపు లేకుండా పోయారని, అందుకు కారణం శరీర నిర్మాణం చదవకుండానే కత్తి పట్టడమని ఆయన బాధపడ్డారు. తాను చూసిన ఉదాహరణలు కూడా ఇచ్చారు. ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడమీద గడ్డను కోయబోయి రక్తనాళాన్ని కోశాడు, ఆమె అక్కడికక్కడే ప్రాణం విడిచింది. మరొకడు ఒక వృద్ధుడి మూత్రాశయంలో రాయి తీయబోయి దానితోపాటు మూత్రాశయపు ముక్కను కూడా లాగాడు, ఆ పెద్దాయన మూడు రోజులకు పోయాడు. మన పెద్దలు నీమ్ హకీం అని ఎవరిని అంటారో వారు ఆ కాలంలోనూ తక్కువ లేరన్నమాట.

ఆయన చేతి నైపుణ్యం తెలియడానికి ఒక సంగతి చాలు. ఒక దాసీ పిల్ల కత్తితో తన గొంతు తానే కోసుకుంది. శ్వాసనాళం కొంత తెగింది. కబురు అందుకుని వెళ్ళిన జహ్రావీ గాయాన్ని కుట్టారు. ఆ పిల్ల బ్రతికింది. గొంతు కాస్త బొంగురుపోవడం తప్ప ఇంకే లోపమూ మిగల్లేదు. దాన్నిబట్టి, ఊపిరాడని రోగికి శ్వాసనాళం మీద కోత పెట్టడం భయపడాల్సినంత ప్రమాదం కాదని ఆయన గ్రహించి గ్రంథంలో చేర్చారు. 

ఇక పళ్ళ సంగతి. నేటి పాఠకులకు ఎక్కువ పనికివచ్చేది ఇదేనని నా అభిప్రాయం. కాబట్టి కొంచెం తీరిగ్గా చెప్పుకుందాం.

ఆ రోజుల్లో పన్ను పీకడం వైద్యుడి పని కాదు. క్షవరం చేసే హజ్జాం పని. బజారులో కూర్చోబెట్టి, పటకారు పెట్టి ఒక్క ఊపున లాగేసేవారు. జహ్రావీ ఈ పద్ధతిని ఎంతో కోపంతో ఖండించారు. పన్ను శ్రేష్ఠమైన వస్తువు, పోతే మళ్ళీ రాదు, కాబట్టి నొప్పి తగ్గించే ఉపాయాలన్నీ అయిపోయే దాకా పీకవద్దని చెప్పారు. ముందు ఏ పన్ను నొప్పి చేస్తోందో తేల్చుకోవాలన్నారు. నొప్పి మనిషిని మోసం చేస్తుంది. రోగి మంచి పన్నును చూపిస్తాడు, హజ్జాం దాన్ని పీకేస్తాడు, నొప్పి అలాగే ఉంటుంది, అప్పుడు చెడ్డ పన్నును కూడా పీకాల్సి వస్తుంది. ఇది ఆయన కళ్ళారా చూసిన సంగతి.

పీకక తప్పదని తేలాక కూడా తొందరపడకూడదు. పంటి చుట్టూ చిగురును చిన్న కత్తితో అన్ని వైపులా వేరుచేయాలి. తర్వాత వేళ్ళతోనో, చిన్న పటకారుతోనో పన్నును కొద్దికొద్దిగా కదిలించాలి. బాగా సడలిన తర్వాతే పెద్ద పటకారుతో పట్టుకుని, రోగి తల కదలకుండా మోకాళ్ళ మధ్య నిలిపి, పక్కకు వంచకుండా తిన్నగా పైకి తీయాలి. పన్ను పుచ్చి డొల్లగా ఉంటే ముందు ఆ గుంటలో గుడ్డపీలికను గట్టిగా కూరాలి. లేకపోతే పటకారు ఒత్తిడికి పన్ను చిట్లిపోతుంది, వేరు లోపలే ఉండిపోతుంది.

జహ్రావీ భయమంతా ఈ వేరు గురించే. తొందరపాటు హజ్జాములు పన్ను విరగ్గొట్టి వేరును లోపలే వదిలేస్తారని, లేదా దవడ ఎముక ముక్కతో సహా లాగేస్తారని, ఆ తర్వాత రోగి పడే బాధ మొదటి నొప్పి కంటే ఎక్కువని ఆయన వ్రాశారు. మిగిలిపోయిన వేరు తీయడానికి ఒక ప్రకరణమే కేటాయించారు. నేతిలో ముంచిన దూదిని ఒకటి రెండు రోజులు అక్కడ ఉంచి మెత్తబరచాలి. తర్వాత కొంగముక్కులాంటి మొనలున్న పటకారుతో, లోపలి వైపు ఆకురాయిలా గరుకుగా ఉన్న దానితో పట్టి తీయాలి. అప్పటికీ రాకపోతే వేరు చుట్టూ తవ్వి, చిన్న మీటతో లేపాలి. నేటి దంతవైద్యుడు ఈ వరుస చదివితే తన చేతిపని గుర్తుపడతాడు.

పళ్ళమీద పేరుకునే గార గురించి కూడా ఒక ప్రకరణం ఉంది. ఆ గార పళ్ళకు లోపలా బయటా, చిగుళ్ళ సందుల్లోనూ గట్టిపడి నల్లగా, పచ్చగా, ఆకుపచ్చగా మారుతుందని, అది చిగుళ్ళను చెరుపుతుందని ఆయన గుర్తించారు. దాన్ని గీకడానికి పద్నాలుగు రకాల గీకుడు పనిముట్లు గీసి చూపించారు. పంటి లోపలి వైపుకు ఒకటి, బయటి వైపుకు మరొకటి, సందుల్లోకి వేరొకటి. ఒక్కరోజులో పోకపోతే రెండోరోజు, మూడోరోజు మళ్ళీ కూర్చోబెట్టాలన్నారు. పంటికి వాత పెట్టాల్సి వచ్చినప్పుడు కూడా పంటి చుట్టూ ఒక గొట్టం దించి, అందులోంచి కాల్చిన సలాకను పంపమన్నారు. వేడి నోటిలో మరెక్కడా తగలకూడదని.

వంకర పళ్ళ ప్రకరణం అన్నిటికంటే ఆసక్తికరమైనది. పళ్ళు వరుస తప్పి, పన్ను మీద పన్ను మొలిస్తే ముఖం వికారంగా కనిపిస్తుందని, ముఖ్యంగా ఆడవారి విషయంలో ఇది బాధ కలిగిస్తుందని ఆయన అన్నారు. పెళ్ళిచూపుల వేళ ఆడపిల్లల తండ్రులకు పుట్టే బెంగ ఈనాటిది కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. మరి ఆయన చెప్పిన చికిత్స ఏమిటి? వెనక మొలిచిన పన్ను కోయడానికి, అరగదీయడానికి వీలుకాకపోతే పీకాలి. పక్క పంటికి అతుక్కుని ఉంటే చిన్న ఉలిలాంటి పనిముట్టుతో కోయాలి. ఎత్తుగా ఉన్నదాన్ని హింద్ దేశపు ఇనుముతో చేసిన సన్నని ఆకురాయితో, సూదులు చేసేవారు వాడేంత సన్నని పళ్ళున్న దానితో రాయాలి. మన దేశపు ఉక్కుకు అరబ్బు దేశాల్లో అంత పేరు ఉండేది. తర్వాతి శతాబ్దాల్లో మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం ఇరాన్ వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారంటే ఆశ్చర్యం లేదు. అసలు సంగతి ఆ ఆకురాయి కాదు, దాన్ని వాడే తీరు. కోసినా, రాసినా ఒక్కరోజులో ముగించకూడదు. చాలా రోజులు, రోజుకు కొంచెం చొప్పున, మెత్తగా చేయాలి. లేకపోతే ఆ పన్ను, దాని పక్క పళ్ళు వేరులో సడలి ఊడిపోతాయి. పైన కనిపించే అందం కోసం లోపల కనిపించని వేరును పోగొట్టుకోవద్దన్నదే దీని సారం.

సడలిన పళ్ళకు ఆయన బంగారు తీగ కట్టేవారు. మధ్యరకం మందం గల తీగను తీసుకుని, ఒక పక్క గట్టి పంటి నుంచి మొదలుపెట్టి, సడలిన పళ్ళ మధ్యగా అల్లుకుంటూ రెండో పక్క గట్టి పంటి దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి అల్లుకుంటూ రావాలి. తీగ జారకుండా పళ్ళ మొదళ్ళ దగ్గర కట్టాలి. చివర్లు కత్తిరించి, మెలిపెట్టి, నాలుకకు గుచ్చుకోకుండా రెండు పళ్ళ సందులో దాచాలి. ఊడిన పన్నును తిరిగి అదే చోట పెట్టి కట్టవచ్చు, లేదా ఎద్దు ఎముకతో పన్ను చెక్కి కట్టవచ్చు అని కూడా అన్నారు. నేడు తీగల చికిత్స ముగిశాక పళ్ళు మళ్ళీ వంకరపోకుండా డాక్టర్లు లోపలి వైపున అతికించే సన్నని తీగ చూసినవారికి ఇది కొత్తగా అనిపించదు.

వెండి తీగ ఎందుకు వద్దన్నారంటే, అది కొద్దిరోజులకే పచ్చబారుతుంది, బంగారం ఎన్నాళ్ళయినా అలాగే ఉంటుంది. ఇక్కడ మన పాఠకులకు ఒక సందేహం రావచ్చు. మగవారికి బంగారం నిషిద్ధం కదా? అర్ఫజా బిన్ అస్అద్ (రజి) అనే సహాబీకి ఇస్లాంకు పూర్వం జరిగిన కులాబ్ యుద్ధంలో ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన వచ్చింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన్ని బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు గ్రంథాల్లో ఈ సంగతి ఉంది. దీని ఆధారంగానే పళ్ళకు బంగారు తీగ కట్టుకోవచ్చని ఎక్కువమంది ధర్మశాస్త్రవేత్తలు తీర్పు చెప్పారు. హనఫీల్లో ఇమాం అబూ హనీఫా వెండి చాలన్నారు, ఇమాం ముహమ్మద్ బంగారానికి అనుమతించారు. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకోవడాన్ని దైవప్రవక్త (స) తప్పుపట్టారన్న హదీసు కూడా తెలిసిందే. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, నమలడానికి ఇబ్బందిగా ఉన్న వంకరను సరిచేయించుకోవడం దాని కిందికి రాదని నేటి ఉలమాలు వివరించారు. పిల్లలకు తీగలు వేయించవచ్చా అని అడిగే తల్లిదండ్రులకు ఇది జవాబు.

జహ్రావీ వంకర పన్నును అరగదీయగలిగారు, పీకగలిగారు. దాన్ని కదిలించి వరుసలోకి తెచ్చే ఉపాయం ఆయన కాలానికి అందలేదు. 1728లో ఫ్రాన్సు దంతవైద్యుడు పియర్ ఫొషార్ లోహపు పట్టీకి పళ్ళు కట్టి వరుసలోకి లాగే పద్ధతి వ్రాశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఎడ్వర్డ్ యాంగిల్ దాన్ని ఒక శాస్త్రంగా తీర్చారు. మన ఊళ్ళలో క్లిప్పులు అంటున్న తీగల చికిత్స అలా వచ్చింది. 1990ల చివర్లో అమెరికాలోనే అద్దంలాంటి పారదర్శక తొడుగులు, అంటే అలైనర్లు వచ్చాయి. ఇప్పుడు మన నగరాల్లోనూ దొరుకుతున్నాయి. తీగలు అంటించినవి కాబట్టి తీయడానికి వీల్లేదు. తొడుగులు తినేటప్పుడు తీసి, మళ్ళీ పెట్టుకోవచ్చు. రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి. ఒకటి రెండు వారాలకోసారి మార్చే ఒక్కో తొడుగు పన్నును సుమారు పావు మిల్లీమీటరు జరుపుతుంది.

పన్ను ఎముకలో ఎలా జరుగుతుంది? వేరుకు, దవడ ఎముకకు మధ్య సన్నని నార పొర ఒకటి ఉంది. పంటిని ఒక వైపు నెడితే ఆ వైపు పొర నలుగుతుంది. అక్కడి ఎముకను శరీరమే కొన్ని కణాలతో తినేయిస్తుంది. రెండో వైపు ఖాళీలో కొత్త ఎముక పోస్తుంది. అలా గూడే జరుగుతుంది, దానితో పన్ను జరుగుతుంది. ఒత్తిడి మితంగా ఉన్నంత వరకు అంతా బాగానే ఉంటుంది. ఒత్తిడి ఎక్కువైతే ఆ పొరకు రక్తం అందక కొంత భాగం చచ్చిపోతుంది. దాన్ని శుభ్రం చేయడానికి వచ్చే కణాలు పక్కనే ఉన్న వేరును కూడా కొరుకుతాయి. వేరు పక్కల్లో పడిన చిన్న గుంటలను శరీరం మళ్ళీ పూడుస్తుంది. వేరు కొన అరిగితే మాత్రం ఆ పొడవు తిరిగి రాదు.

విచిత్రమేమిటంటే ఇందులో నొప్పి ఉండదు. పళ్ళు అందంగా వరుసకు వస్తుంటాయి, లోపల వేరు కురచవుతూ ఉండవచ్చు. 1895లో ఎక్స్‌రే కనిపెట్టాకే ఇది అందరికీ కనబడింది. 1927 నుంచి అమెరికా దంతవైద్యుడు ఆల్బర్ట్ కెచం ఎక్స్‌రేలతో ఈ నష్టాన్ని చూపించి తోటివారిని కలవరపెట్టారు. చికిత్స పొందిన వారిలో ఎక్కువమందికి వేరు కొద్దిగానైనా తరుగుతుందని ఇప్పుడు తెలుసు. పై ముందు పన్ను వేరు సుమారు 13 మిల్లీమీటర్లు ఉంటే, అందులో ఒక మిల్లీమీటరు తరగడం వల్ల ఆ పంటికి ముప్పు లేదు. నాలుగు మిల్లీమీటర్లకు మించి, లేదా వేరులో మూడో వంతు పోయేవారు నూటికి ఒకరి నుంచి అయిదుగురి వరకు ఉంటారు. పై ముందు పళ్ళకే ఇది ఎక్కువ. పుట్టుకతో వేరు కొన సన్నగానో వంపుగానో ఉన్నవారికి, పంటికి ఎప్పుడో దెబ్బ తగిలినవారికి, పన్నును చాలా దూరం జరపాల్సినవారికి, చికిత్స ఏళ్ళ తరబడి సాగినవారికి భయం ఎక్కువ. కొందరి శరీరతత్వమే అలాంటిది, ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ళకు ఇద్దరికీ రావచ్చు.

మరి తీగలు మంచివా, తొడుగులు మంచివా? తొడుగుల వల్ల వేరుకు హాని ఉండదని ప్రకటనల్లో చెప్పే మాట నిజం కాదు. రెండింటిలోనూ వేరు తరుగుతుంది. రెండింటినీ పోల్చిన పరిశోధనల్లో తొడుగులు వాడినవారికి సగటున కొంత తక్కువ తరిగినట్టు చాలాసార్లు కనబడింది. ఆ తేడా మిల్లీమీటరులో చిన్న భాగమే. పైగా తొడుగులు ఎక్కువగా తేలిక వంకరలకే వాడతారు, పళ్ళు పీకి ఖాళీ మూయాల్సిన కష్టమైన నోళ్ళు తీగలకు వెళతాయి. కాబట్టి ఆ తేడా అంతా తొడుగు గొప్పతనమే అనలేము. తొడుగు ఒత్తిడి తేలిక, తీసినప్పుడు వేరుకు కాస్త విరామం దొరుకుతుంది, ఇది దాని మేలు. ఇష్టం వచ్చినప్పుడు పెట్టుకుని లేనప్పుడు పక్కన పడేస్తే పన్ను ముందుకూ వెనక్కూ ఊగుతుంది, అది వేరుకు మంచిది కాదు. వేరు దిశను అదుపు చేయడంలో తీగదే ఇప్పటికీ పైచేయి.

తల్లిదండ్రులు డాక్టరును అడగవలసినవి కొన్నే. మొదలుపెట్టే ముందు వేర్లు కనిపించే ఎక్స్‌రే తీశారా? ఆరు నెలలకో, ఏడాది లోపో మళ్ళీ తీసి పోల్చి చూస్తారా? చిన్నప్పుడు మెట్ల మీద పడి పంటికి దెబ్బ తగిలిన సంగతి ఆయనకు చెప్పారా? వేరు తరుగుతున్నట్టు కనబడితే రెండు మూడు నెలలు ఒత్తిడి ఆపడం నేటి పద్ధతి. లాగడం ఆపితే తరగడమూ దాదాపు ఆగిపోతుంది. ముందే తరిగిన వేరుతో కూడా పన్ను చాలామందికి జీవితాంతం నిలుస్తుంది, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉంటే. పెళ్ళి ముహూర్తం ఆరు నెలల్లో ఉందని, రెండేళ్ళ పని ఆ లోపు ముగించమని ఒత్తిడి చేసే పెద్దలున్నారు. నోటిలో ఎవరూ చూడకుండానే అచ్చు పంపితే పోస్టులో తొడుగులు పంపుతామనే వ్యాపారాలు కూడా కొన్ని దేశాల్లో బయలుదేరాయి. ఎక్స్‌రే లేకుండా పంటిని జరిపేవాడికీ, జహ్రావీ కోప్పడిన బజారు హజ్జాముకూ నాకైతే పెద్ద తేడా కనిపించదు.

జహ్రావీ చివరి రోజులు ప్రశాంతంగా గడవలేదు. 1002లో మంత్రి మన్సూర్ మరణించాక అందలూస్‌లో వారసత్వ కలహాలు రేగాయి. 1010లో సైనికులు మదీనతుజ్ జహ్రాను దోచుకున్నారు. 1013లో ఖుర్తుబా కూడా వారి వశమైంది. జహ్రావీ మరణం దాదాపు ఆ ఏడేనని చెబుతారు. తాను పెరిగిన ఊరు శిథిలం కావడం ఆ ముసలి వైద్యుడు చూసి ఉండాలి. తర్వాత ఆ రాళ్ళను జనం ఇళ్ళు కట్టుకోవడానికి మోసుకుపోయారు. 1911లో తవ్వకాలు మొదలయ్యాయి. 2018లో యునెస్కో ఆ శిథిలాలను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

గ్రంథం మాత్రం ప్రయాణం చేసింది. పన్నెండో శతాబ్దంలో తులైతులా, అంటే నేటి టొలెడోలో, ఇటలీ నుంచి వచ్చిన జెరార్డ్ అనే పండితుడు ముప్ఫయ్యో భాగాన్ని లాటిన్‌లోకి అనువదించారు. ఫ్రాన్సు శస్త్రవైద్యుడు గీ ద షోలియాక్ 1363లో వ్రాసిన గ్రంథంలో జహ్రావీ పేరు పదేపదే తలచుకున్నారు. 1465లో అనటోలియాలోని అమాస్యా వైద్యుడు షరఫుద్దీన్ సబూంజీ ఓగ్లూ దాని ఆధారంగానే తుర్కీ భాషలో రంగుల బొమ్మలతో శస్త్రవైద్య గ్రంథం వ్రాశారు. లాటిన్ అనువాదం 1497లో వెనిస్‌లో అచ్చయింది. 1778లో ఆక్స్‌ఫర్డ్‌లో అరబీ, లాటిన్ పాఠాలు పక్కపక్కన వచ్చాయి. 1973లో లండన్‌లో ఆంగ్లానువాదం వెలువడింది. మన దేశంలో పట్నాలోని ఖుదాబఖ్ష్ గ్రంథాలయంలో 'తస్రీఫ్' పాత చేతివ్రాత ప్రతి ఒకటి, పరికరాల బొమ్మలతో సహా, భద్రంగా ఉంది.